హామీద్ జేబులో మూడు పైసలు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన ఆగస్టులో తెలుగు లఘు పరీక్షలో ‘ఈద్గాహ్’ కథ (ఈద్ పండుగ సంతలో బొమ్మలు మానేసి నాయనమ్మకు పట్టకారు కొన్న పిల్లవాడి కథ) ఇచ్చి, హామీద్ పాత్ర స్వభావం రాయమన్నారు. మా పిల్ల రాసింది ఇదీ: హామీద్ త్యాగశీలి, సహృదయుడు, వివేకవంతుడు, పెద్దల పట్ల గౌరవం కలవాడు, ఆదర్శ బాలుడు. అయిదు మార్కులకు రెండు వచ్చాయి. కింద ఎర్ర సిరాతో టీచర్ గారు ఒక్క ప్రశ్న రాశారు. “ఇది హామీద్ గురించా, ధర్మరాజు గురించా?”

నేను నవ్వాను. అమ్మాయి ఏడ్చింది. గైడులో ఉన్నదే కదా రాశాను అని దాని బాధ. గైడు తెప్పించి చూశాను. నిజమే, అందులో ఉన్నది ఉన్నట్టే రాసింది. నాలుగు పేజీలు తిప్పితే ఇంకో కథలో ఇంకో పాత్ర ఉంది. ఆయన కూడా సహృదయుడే, వివేకవంతుడే, త్యాగశీలే. వరస మాత్రం మారింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బేగంబజారులో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. సాహిత్యానికీ నాకూ సంబంధం పదో తరగతితోనే తెగిపోయింది. మా రోజుల్లోనూ పాత్ర స్వభావం అంటే విశేషణాలు బట్టీ పట్టడమే. అవే రాసి పాసయ్యాను కాబట్టి పిల్లను తిట్టే ముఖం నాకు లేదు.

దసరా సెలవులకు ముందు టీచర్ గారు ప్రాజెక్టు పని ఇచ్చారు. ఒక తెలుగు కథ, ఇంకో భారతీయ భాష కథ, ఒక విదేశీ కథ చదవాలి. మూడింటికీ పాత్రలు, ఇతివృత్తం సొంత మాటల్లో రాయాలి. తరువాత తరగతిలో నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒక షరతు కూడా పెట్టారు. ఏ విశేషణం రాసినా దాని పక్కన కథలోంచి ఒక సంఘటన చూపించాలి, సంఘటన దొరకకపోతే ఆ విశేషణం కొట్టేయాలి. అమ్మాయి ఈ షరతు చదివి వినిపించగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఓచర్, అంటే ఖర్చుకు రుజువు చీటీ, లేనిదే ఖర్చు రాయకూడదు! ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే కదా. “పద, నేను చూసుకుంటాను” అన్నాను గొప్పగా.

పుస్తకాల కోసం ఒక రోజు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లాం. ఒక ఆదివారం అబిడ్స్‌లో కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాల మధ్య ఎండలో తిరిగాం. హామీద్ మీద పగ తీర్చుకోవాలని అమ్మాయి పంతం పట్టింది కాబట్టి ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ మళ్లీ తీసుకున్నాం. విదేశీ కథ మొపాసా రాసిన ‘నెక్లెస్’. తెలుగులో గురజాడ ‘దిద్దుబాటు’. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది కాబట్టి ఆయనే మంచి రచయిత అయి ఉంటాడని మా పిల్ల తేల్చింది.

రాత్రి భోజనాల తరువాత చదువుకునేవాళ్లం. అమ్మాయి పైకి చదువుతుంది, నేను నోటుపుస్తకం పట్టుకుంటాను, మా అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటుంది. ఈద్గాహ్ హిందీలోనే చదివాం. మాది పాతబస్తీ పక్కన బతికిన కుటుంబం, అమ్మకు చదువు లేకపోయినా ఆ భాష బాగా వచ్చు.

రెండు పేజీలు కూడా కాకముందే నేను ఆగమన్నాను. కథలో డబ్బు లెక్క ఉంది. హామీద్ నాయనమ్మ అమీనా బట్టలు కుట్టి ఎనిమిది అణాలు సంపాదించింది. పండుగ కోసం దాచింది. పాలావిడ వచ్చి పీకల మీద కూర్చుంటే ఇవ్వక తప్పలేదు. ఇప్పుడు మిగిలింది రెండణాలు. అందులో మూడు పైసలు హామీద్ జేబులో, అయిదు అమీనా సంచిలో. మా పిల్లకు అణా అంటే ఏమిటో తెలియదు. 1957లో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు. రెండణాలంటే ఎనిమిది పైసలు. మూడూ అయిదూ ఎనిమిది. లెక్క సరిపోయింది. ప్రేమ్‌చంద్ రొక్కం ఎంత కచ్చితంగా రాశాడో చూసి ఆయన మీద నాకు తోటి ఉద్యోగి మీద కలిగే గౌరవం లాంటిది కలిగింది.

“అంటే ఇంట్లో ఉన్న డబ్బులో ఎనిమిదింట మూడు వంతులు వాడి జేబులో పెట్టి పంపింది” అన్నాను. అమ్మాయి పెన్ను ఆపి నా వంక చూసింది. గైడులో హామీద్ తక్కువ డబ్బు ఉన్న పేద పిల్లవాడు. ఇక్కడ చూస్తే ఇంటి ఖజానాలో పెద్ద వాటా మోస్తున్నవాడు. ఆ తరువాత వచ్చే ప్రతి సంఘటనా వేరుగా కనిపించడం మొదలైంది. రంగులరాట్నం ఒక పైసకు ఇరవై అయిదు చుట్లు. తన ఖజానాలో మూడో వంతు కాసేపు తల తిరగడానికి ఇవ్వలేనని హామీద్ అనుకుంటాడు. ఆ ‘మూడో వంతు’ రచయిత రాసిన మాటే, నేను కల్పించింది కాదు. బొమ్మలు రెండేసి పైసలు. మోహ్‌సిన్ దగ్గర పదిహేను పైసలున్నాయి, మహమూద్ దగ్గర పన్నెండు. వాళ్లు కొంటారు, తింటారు.

అమ్మాయికి అసలు హామీద్ దొరికింది మాత్రం మిఠాయిల దుకాణం దగ్గర. మోహ్‌సిన్ రేవడీ అనే నువ్వుల మిఠాయి ఇస్తానని ఊరించి, చెయ్యి చాచగానే తన నోట్లో వేసుకుంటాడు. హామీద్ మాటల్లో మిఠాయిలను తీసిపారేస్తాడు గానీ, కాసేపటికి మనసులో మాత్రం తినండి తినండి, నోరు కుళ్లుతుంది, కురుపులు లేస్తాయి, తరువాత ఇంట్లో డబ్బు దొంగిలించి తన్నులు తింటారు అని శపిస్తాడు. మా పిల్ల ఇక్కడ పకపకా నవ్వింది. “వీడు ఆదర్శ బాలుడా? వీడు మా తరగతిలో అబ్బాయిల లాగే ఉన్నాడు!” వెంటనే ‘సహృదయుడు’ మీద గీత కొట్టేసింది. నేను వద్దన్నాను. ఆ కోపం ఉండి కూడా పట్టకారు కొన్నాడు కదా, కోపం లేనివాడు కొంటే అందులో ఏముంది అన్నాను. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది.

పట్టకారు బేరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆరు పైసలు అన్నాడు దుకాణదారు. సరిగ్గా చెప్పమంటే అయిదుకు దిగాడు. హామీద్ మూడుకు ఇస్తావా అని అడిగి, తిట్లు వినపడకుండా ముందుకు నడిచాడు. దుకాణదారు వెనక్కి పిలిచాడు. బేగంబజారులో రోజూ చూసే బేరం ఇది. అలా నడిచిపోవడం నేర్చుకోవడానికి మా దుకాణంలో కుర్రవాళ్లకు రెండేళ్లు పడుతుంది. తరువాత స్నేహితులతో వాదన: పట్టకారు భుజాన తుపాకీలా పెట్టుకుని, మీ మట్టి బొమ్మలు పడితే పగులుతాయి, నా పట్టకారు పులితో పోరాడుతుంది అని గెలిచేస్తాడు. అందరూ తమ బొమ్మలు వాడికిచ్చి పట్టకారు చేతితో పట్టుకుని చూస్తారు. అమ్మాయి నోటుపుస్తకంలో హామీద్ కింద అప్పటికి ఇలా ఉంది: బేరగాడు, మాటకారి, మనసులో శాపనార్థాలు పెట్టేవాడు, నాయనమ్మ వేళ్లు రొట్టెల పెనం మీద కాలడం గమనించినవాడు. నాలుగింటికీ ఓచర్లున్నాయి.

కథ ముగిసే సరికి మా అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. అమీనా మొదట పట్టకారు చూసి గుండె బాదుకుంటుంది, పొద్దుటినుంచి తిండీ తిప్పలూ లేకుండా ఇదా తెచ్చావని. కారణం విన్నాక ఏడుస్తుంది. మా అమ్మ కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. బదులుగా నన్ను చూసి అంది: “నీకు పదేళ్లప్పుడు నుమాయిష్‌కు వెళ్తానంటే అయిదు రూపాయలిచ్చాను. అప్పుడు నా దగ్గర ఎంత మిగిలిందో నువ్వు అడిగావా?”

అడగలేదు. ఆ అయిదు రూపాయలూ ఆ ప్రదర్శనలో జెయింట్ వీల్‌కూ, చిలకముక్కు పీకకూ అయిపోయాయని నాకు ఇప్పటికీ గుర్తు. ఎంత మిగిలిందమ్మా అని ఇప్పుడు అడిగితే “ఇప్పుడెందుకు” అని కాయలు అందుకుంది.

ఇతివృత్తం దగ్గరకు వచ్చేసరికి మాకు అసలు చిక్కు మొదలైంది. అమ్మాయి ‘ప్రేమ, త్యాగం’ అని రాసింది. ఒక్క మాటతో సరిపెడితే మూడు కథలకూ ఒకే జవాబు రాయవచ్చు కదా అని నాకనిపించింది. తెలిసిన పద్ధతిలో చెప్పాను: ఖాతా పేరు వేరు, అందులో నిల్వ వేరు. ‘పేదరికం’ అనేది ఖాతా పేరు. పేదరికం గురించి ఈ కథ ఏమంటోంది అంటే వాక్యం రావాలి, ఆ వాక్యాన్ని ఎవరైనా కాదనడానికి వీలుండాలి. అది కాసేపు గోళ్లు కొరికి రాసింది: “పేదరికం పిల్లవాణ్ణి తొందరగా పెద్దవాణ్ణి చేస్తుంది.” నాకు బాగుందనిపించింది. కానీ మర్నాడు అదే కొట్టేసింది. పెద్దవాడైపోతే పట్టకారును తుపాకీలా భుజాన ఎందుకు పెట్టుకుంటాడు, పులితో పోరాడుతుందని ఎందుకు కోతలు కోస్తాడు అని అడిగింది. చివరికి “హామీద్ పెద్దవాడిలా ఖర్చు పెట్టాడు, పిల్లవాడిలా గొప్పలు చెప్పుకున్నాడు, రెండూ ఒకే పట్టకారుతో” అని రాసింది. ఇతివృత్తానికి ఇది సరైన నిర్వచనమో కాదో నాకు తెలియదు. గైడులో మాత్రం లేదు.

ఈ విజయంతో నాకు తల తిరిగింది. ‘నెక్లెస్’ కథ (1884 నాటిది) అంకెలతోనే నిండి ఉంది. ఇక చూసుకోండి, నేను పూర్తి జమాఖర్చు వేశాను. మటిల్డా విందుకు వెళ్లడానికి గౌను ఖర్చు 400 ఫ్రాంకులు. స్నేహితురాలు ఫోరెస్టియర్ దగ్గర అరువు తెచ్చిన వజ్రాల హారం పోయింది. బదులు కొన్నది 36,000. భర్తకు తండ్రి ఇచ్చిన ఆస్తి 18,000, మిగిలింది అప్పు. తీర్చడానికి పదేళ్లు. చివర్లో తెలిసిందేమిటంటే పోయింది నకిలీ హారం, మహా అయితే 500 విలువ. కాబట్టి ఫోరెస్టియర్ నుంచి వీళ్లకు రావలసిన నికరం 35,500 అని గీత గీసి రాశాను.

“నాన్నా, ఇది కథ, మీ దుకాణం కాదు” అని అమ్మాయి పుస్తకం మూసేసింది. రెండు రోజులు నాతో కలిసి చదవలేదు.

తప్పు నాదే. ఆ పదేళ్లలో మటిల్డా పనిమనిషిని మానిపించి తనే అంట్లు తోమింది, నీళ్లు మోసింది, కూరల దుకాణంలో చిల్లర చిల్లరగా బేరమాడి తిట్లు తిన్నది. ఇవి నా లెక్కలో ఎక్కడా లేవు. అంకె ఉన్నచోటే చూస్తూ అంకె లేనిచోట కథ జరుగుతోందని మరిచిపోయాను. దుకాణంలో ఇది తప్పు కాదు, అక్కడ అంకె లేనిది మా పని కాదు.

మూడో రోజు అమ్మాయే వచ్చి కూర్చుంది. 400 గురించి అడగాలని ఉందట. ఆ నాలుగు వందలు మటిల్డా భర్త తుపాకీ కొనుక్కుందామని దాచుకున్నవి. వేసవిలో ఆదివారాలు స్నేహితులతో వేటకు వెళ్దామని ఆయన ఆశ. భార్య గౌను అడగగానే కాస్త పాలిపోయాడు, ఇచ్చేశాడు. గైడులో ఆయనకు ‘ముఖ్య పాత్ర కాదు’ అని ఒక్క ముక్క ఉంది. మా పిల్ల ఆయన గురించి ముప్పావు పేజీ రాసింది. హారం పోతే రాత్రికి రాత్రి వీధులన్నీ వెతికింది ఆయన, తరువాత రాత్రులు పేజీకి ఇన్ని చిల్లర డబ్బులని నకళ్లు రాసింది ఆయన, ఒక్కసారీ భార్యను నిందించలేదు. ఆడంబరం వల్ల వచ్చిన అనర్థం అనే గైడు వాక్యాన్ని కూడా సగానికి కోసింది. విందు దాకా ఆడంబరమే, కానీ ఆడంబరం మాత్రమే ఉన్న మనిషి పదేళ్లు అప్పు ఎందుకు తీర్చింది? రెండో సగానికి ఓచర్ లేదు.

మరి మొదటి రోజే నిజం ఎందుకు చెప్పలేదని మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. చెబితే అయిదు వందలతో పోయేది అని నేను. సిగ్గు అని అమ్మాయి. మా అమ్మ మా ఇద్దరినీ కసిరింది: “అరువు తెచ్చుకున్న నగ పోతే ఏ ముఖం పెట్టుకుని చెబుతారు? నేనైనా అప్పు చేసి కొనిచ్చేదాన్నే.” అమ్మాయి ఆ మాటను నోటుపుస్తకంలో ‘నానమ్మ అభిప్రాయం’ అని రాసి కింద గీత గీసుకుంది. ఈ కథకు ఇతివృత్తం ఒక్క వాక్యంలో తేల్చలేకపోయాం. మూడు వాక్యాలు రాసి, మూడో దాని చివర ప్రశ్న గుర్తు పెట్టి వదిలేసింది.

‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చిన కథ. చిన్నది, మూడు నాలుగు పేజీలు. ఇందులో నా విద్య పనిచేయలేదు, ఎందుకంటే లెక్కకు దొరికింది ఒక్కటే, పది రాత్రులు. గోపాలరావు పది రాత్రులుగా మీటింగులకని చెప్పి సానుల పాటలకు వెళ్తున్నాడు. ఆ రాత్రి ఒంటిగంట దాటాక ఇంటికొస్తే భార్య కమలిని లేదు. బల్ల మీద ఉత్తరం ఉంది. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధమాడవలసి వస్తోంది, పుట్టింటికి పోతున్నాను అని అందులో సారం. గోపాలరావు బెంబేలెత్తిపోతాడు. ‘ప్రియా’ అని మొదలయ్యే ఉత్తరం ‘అయ్యా’ అని మొదలైందని అదొక దుఃఖం.

ఇక్కడ నేనే గైడు కంటే తెలివితక్కువగా పట్టుబడ్డాను. నౌకరు రాముడి వీపు మీద గోపాలరావు ఒక గుద్దు గుద్దుతాడు. వాడు నేల కూలబడతాడు. ఆ వెంటనే కథకుడు, గోపాలరావు దయగల మనిషి అంటాడు. నేను సంతోషంగా ‘దయగలవాడు, ఓచర్: రచయిత స్వయంగా చెప్పాడు’ అని రాయించాను. అమ్మాయి రాయలేదు. “నాన్నా, కొట్టింది ముందు వాక్యంలో. దయ తరువాతి వాక్యంలో. ఆయన ఎగతాళి చేస్తున్నాడు” అంది.

రచయిత చెప్పిన మాటను కూడా నమ్మకూడని సందర్భం ఉంటుందని నా నలభై అయిదేళ్ల వయసులో, తొమ్మిదో తరగతి పిల్ల చెబితే తెలిసింది. మా దుకాణంలో బిల్లు మీద సంతకం ఉంటే చాలు, నమ్మేస్తాం. కథలో సంతకం పెట్టినవాడి గొంతు కూడా వినాలి. ఆ రాత్రి కథ మొత్తం మొదటినుంచి మళ్లీ చదివాం. ప్రతి చోటా ఆ నవ్వు వినిపించింది. స్త్రీ విద్య గురించి గొప్పగా మాట్లాడే మనిషి, చదువుకున్న భార్య ఉత్తరం రాయగానే గాబరా పడటం. వాడుక భాషలో నడుస్తున్న కథలో ఆ ఉత్తరం మాత్రం గ్రాంథికంలో ఉండటం. మా పిల్లకు ఆ భాష అర్థం కాక విసుక్కుంది, నేను ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అర్థమయ్యాక, “కోపం వస్తే మా అమ్మ కూడా ఇలాగే ‘గారు’ పెట్టి పిలుస్తుంది” అంది. వంటింట్లోంచి గిన్నె చప్పుడైంది.

ముగింపులో మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. కమలిని ఎక్కడికీ వెళ్లలేదు. అక్కడే ఉండి అంతా విన్నది. అమ్మాయి చాలాసేపు ఏమీ రాయలేదు. తరువాత అడిగింది: “ఆమెకు అసలు కోపం వచ్చిందా, లేదా? నవ్వేస్తే ఆ పది రాత్రులు ఏమయ్యాయి?” దిద్దినది భార్య, దిద్దుబాటు భర్తది, అంతవరకు నాకు తెలుసు. దానికి కావలసిన జవాబు నా దగ్గర లేదు. కథ కమలిని మనసులోకి ఒక్కసారీ వెళ్లదు. మనకు ఆమె ఉత్తరం తెలుసు, ఆమె నవ్వు తెలుసు, మధ్యలో ఉన్నది తెలియదు. కమలిని కింద ఆ మధ్య గడిని మా పిల్ల ఖాళీగా వదిలేసింది. ఖాళీగా ఉంటే మార్కులు పోతాయేమోనని నాకు భయం. దానికి లేదు.

సెలవుల తరువాత ప్రశ్నల కార్యక్రమం జరిగింది. మూడు కథల్లోనూ చివర కొసమెరుపు ఉంది, దాన్ని తీసేస్తే పాత్రలు నిలబడతాయా అని టీచర్ గారు అడిగారట. హామీద్ నిలబడతాడు, ఎందుకంటే పట్టకారు కొన్నప్పుడే మనకు తెలిసిపోయింది, కమలిని మాత్రం మంచం కింద లేకపోతే వేరే మనిషి అయిపోతుంది అని చెప్పిందట. ఖాళీ గడి గురించి ఆవిడ ఏమీ అనలేదు. ఇరవైకి పదిహేడు. మూడు మార్కులు ఒత్తులకు పోయాయి.

జనవరిలో నుమాయిష్ మొదలైంది. 1938 నుంచి నడుస్తున్న ఈ ప్రదర్శనకు హైదరాబాదులో పుట్టినవాడు వెళ్లకుండా ఉండటం కష్టం. నాంపల్లి మెట్రో స్టేషనులో దిగి, ముగ్గురం గుంపులో పడి నడిచాం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, గేటు లోపల ఒక అరుగు మీద కూర్చోబెట్టాం. కొంగు ముడి విప్పి మనవరాలి చేతిలో రెండు వందల రూపాయలు పెట్టింది. అమ్మాయి ఆ నోట్లు తీసుకోలేదు. జెయింట్ వీల్ వంక కూడా చూడకుండా అడిగింది.

“నానమ్మా, నీ దగ్గర ఇంకా ఎంత ఉంది?”

మా అమ్మ నా వంక చూసింది. కొంగు ముడి మళ్లీ బిగించి, నోట్లు దాని గుప్పిట్లో కుక్కి, “నీకెందుకే ఆ లెక్కలు? ముందు వెళ్లి మిర్చి బజ్జీలు పట్టుకురా, నాకు రెండు” అంది.